రాముడి పాటకు ఏడ్చాను, నా విశ్వాసం ఏమైనట్టు?

ఉత్తరం

వందనాలండీ. నాకు 36 ఏళ్లు. పుట్టి పెరిగింది చెన్నైలో, పెరంబూరులో. మా తాతగారు నెల్లూరు వైపు పల్లె నుంచి బిన్నీ మిల్లులో పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. మూడు తరాలుగా క్రైస్తవులం. నాన్నగారు మా తెలుగు సంఘంలో 40 ఏళ్లు హార్మోనియం వాయిస్తూ కీర్తనలు పాడించారు. 2021లో ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారు. ఆయన పాటల పుస్తకం, హార్మోనియం మా ఇంట్లోనే ఉన్నాయి. తెరవబుద్ధి కాలేదు.

మా పాపకు 9 ఏళ్లు. రెండేళ్లుగా కర్ణాటక సంగీతం నేర్చుకుంటోంది. పోయిన డిసెంబరులో వాళ్ల టీచరు గారు పిల్లల్ని మైలాపూరులో ఒక కచేరీకి తీసుకెళ్తూ నన్నూ రమ్మన్నారు. అక్కడ ఒకావిడ 'నా జీవాధార' అని త్యాగరాజ కీర్తన పాడారు. ఒళ్లంతా జలదరించింది. కళ్లమ్మట నీళ్లు ఆగలేదు. పాప నా చెవిలో 'అమ్మా, ఇది బిలహరి, నా స్వరజతి రాగమే' అంది. పాట అయ్యాక అందరూ చప్పట్లు కొడుతుంటే అప్పుడు తట్టింది, ఇది రాముడి మీద పాట కదా అని. కడుపులో దేవినట్టయింది. ఆ రాత్రి నిద్ర లేదు.

మా సంఘంలో ఇప్పుడు పాత కీర్తనలు దాదాపు పాడరు. కుర్రాళ్లు కీబోర్డు, డ్రమ్స్, గిటారుతో స్తుతి ఆరాధన చేస్తారు. చుట్టూ అందరూ చేతులెత్తి ఏడుస్తుంటే నేను రాయిలా నిలబడతాను. నా దేవుడి పాటకు కదలనిదాన్ని వేరే దేవుడి పాటకు కరిగిపోయాను. ఇది వెనక్కి జారిపోవడమేనా?

అమ్మకు చెప్పాను. 'మా అమ్మను గుడి వీధిలో నడవనివ్వని వాళ్ల పాటకు నువ్వు ఏడ్చావా' అంది. వచ్చే నెల పాప పోటీలో పాడాలి, త్యాగరాజ కీర్తనే పాడాలని నియమం. అమ్మ రానంటోంది. మా ఆయన 'సంగీతానికి మతమేంటి, పాడనీ' అంటారు. పాపేమో 'నేను పాడితే యేసయ్యకు కోపం వస్తుందా' అని అడుగుతోంది. ఏం చెప్పమంటారు?

— ఒక సోదరి, పెరంబూరు

సమాధానం

అమ్మా,

మీరడిగినదానికి ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. మీరు తప్పు చెయ్యలేదు. విశ్వాసం నుంచి వెనక్కి జారనూ లేదు. మిమ్మల్ని ఊరడించడానికి ఇలా అనడం లేదు. ఎందుకంటున్నానో వివరంగా రాస్తాను, మీరే తూచి చూసుకోండి.

అయితే మీ ఆయన మాటతోనూ నాకు పేచీ ఉంది. సంగీతానికి మతం లేదన్న మాట ఈ ఊళ్లో సభల్లో, సన్మానాల్లో తరచూ వినిపించేదే. మంచి మనసుతోనే అంటారు. కానీ త్యాగరాజస్వామి విషయంలో అది నిజం కాదు. భక్తి లేని సంగీత జ్ఞానం మంచి దారి ఎలా అవుతుందని ధన్యాసి రాగంలో అడిగిన మనిషి ఆయన. ఆయనకు ఆ పాటే రాముడి పూజ. దాన్ని వట్టి సంగీతం అనేస్తే ఆయన్నీ చిన్నబుచ్చినట్టే, మీ భయాన్నీ చిన్నబుచ్చినట్టే. మీ అమ్మగారు ఆ మాట ఒప్పుకోకపోవడం సబబే. పాటలో మతం ఉంది. నేను చెప్పేది వేరే: పాట వింటున్నప్పుడు మన ఒంట్లో కలిగే కదలిక మన గతం నుంచి వస్తుంది. దాన్ని బట్టి ఎవరి విశ్వాసాన్నీ కొలవలేం.

మీ ఉత్తరంలో సంగతులు ఏ వరసలో జరిగాయో మళ్లీ చదువుకోండి. ముందు ఒళ్లు జలదరించింది. తర్వాత కన్నీళ్లు వచ్చాయి. ఆ తర్వాత పాప రాగం పేరు చెప్పింది. చప్పట్ల మధ్య, పాటంతా అయిపోయాక, 'రాముడి పాట కదా' అన్న సంగతి తట్టింది. కడుపులో దేవింది అప్పుడు. అంటే మీ కన్నీళ్లు రాముడి పేరు విని వచ్చినవి కావు, ఆ పేరు తట్టాక ఆగిపోయినవి. మరి ఎక్కణ్ణుంచి వచ్చాయి?

2011లో కెనడాలోని మాంట్రియల్ పరిశోధకులు ఒక పని చేశారు. సంగీతం వింటే ఒళ్లు పులకరించే మనుషుల్ని, వాళ్లకు బాగా ఇష్టమైన పాటలు వాళ్లనే తెచ్చుకోమన్నారు. అవి వింటున్నప్పుడు వాళ్ల మెదడును పరీక్షించి చూశారు. పులకింత కలిగిన క్షణంలో డోపమైన్ అనే రసాయనం ఊరింది. అంతవరకు ఊహించగలిగిందే. విశేషమేమిటంటే, ఆ క్షణానికి కాస్త ముందే, 'ఇప్పుడొస్తుంది, వచ్చేస్తోంది' అని మనసు ఎదురుచూస్తున్నప్పుడే, మెదడులో మరో చోట అదే రసాయనం ఊరింది. ఎదురుచూపులోనే సగం ఆనందం ఉందన్నమాట. ఎదురుచూడాలంటే ఏం రాబోతోందో చెవికి ముందే తెలిసుండాలి కదా. తెలియని దారిలో మలుపు కోసం ఎవరూ ఎదురుచూడరు.

ఆ సాయంత్రం మీ చెవికి ఆ దారి తెలుసు. ఎలా తెలుసో చెబుతాను, మీ నాన్నగారి పాటల పుస్తకం తెరవండి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో చాలా పాటల నెత్తిన రాగం పేరు, తాళం పేరు అచ్చువేసి ఉంటాయి. చిన్నప్పటి నుంచీ ఆ పేజీలు చూస్తూ కూడా మీరు ఆ పైవరస చదివి ఉండరు, పాట నంబరు చూసుకుని పాడేసుంటారు. ఈసారి ఆ వరస చదవండి. ఆ పుస్తకంలో ఎంతో వన్నెకెక్కిన కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి గారు 1803లో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, క్రైస్తవంలోకి వచ్చి, తనకు తెలిసిన రాగాలనూ తాళాలనూ వెంటబెట్టుకుని వచ్చారు. ఆయనకు ఆ రాగాలు వదులుకోవలసిన పాత సామానుగా కనిపించలేదు. మీ నాన్నగారు 40 ఏళ్లు వాయించింది ఆ సొత్తునే.

ఇక బిలహరి సంగతి. ఆ రాగం ఎక్కేటప్పుడు మోహన అనే రాగం స్వరాలతో, స రి గ ప ద స అని ఎక్కుతుంది. దిగేటప్పుడు శంకరాభరణం అనే ఇంకో రాగం మెట్లన్నీ తాకుతూ దిగుతుంది. శంకరాభరణం స్వరాలంటే పాశ్చాత్యుల మేజర్ స్కేలే. అంటే మీరు చర్చిలో తెలుగు కీర్తన పాడినా, ఇంగ్లీషు నుంచి వచ్చిన పాత పాట పాడినా మీ గొంతు చాలాసార్లు తిరిగిన మెట్లే అవి. దానికి తోడు రెండేళ్లుగా మీ పాప ఇంట్లో బిలహరి స్వరజతి సాధన చేస్తోంది. కర్ణాటక సంగీతంలో అడుగుపెట్టే చాలామంది పిల్లలు తొలి ఏళ్లలో నేర్చుకునే పాఠం అది, వేణుగోపాలుణ్ణి పిలిచే పాట. మీరు వంటింట్లో పోపు వేస్తూ ఎన్నిసార్లు విని ఉంటారో లెక్కలేదు. మైలాపూరు హాల్లో ఆ విద్వాంసురాలు గొంతెత్తేసరికి మీ చెవికి దారంతా తెలుసు. మీ నాన్నగారు తెలుసు, మీ పాప తెలుసు. ఇద్దరూ ఒకే రాగంలో కలిసి నడిచి వచ్చారు.

ఆ కన్నీళ్లన్నీ నాన్నగారివేనని తేల్చెయ్యను. ఉత్తరం చదివి మనిషి మనసంతా చెప్పగలనని నేననుకోను. కానీ మూడు ముక్కల్లో రాసి దాటేసిన ఆ వాక్యం, 'తెరవబుద్ధి కాలేదు' అన్నది, నాకు ఉత్తరమంతటిలో బరువైన వాక్యంగా కనిపించింది.

మరొకటి కూడా ఉంది, ఇది మనబోటి చెన్నై తెలుగువాళ్లకే ప్రత్యేకం. ఆ హాల్లో ఎక్కువమంది తమిళులై ఉంటారు. రాగం వాళ్లకు గుండెల్లోకి వెళ్తుంది, మాట మాత్రం చాలామందికి అర్థం తెలుసుకుని గుర్తుపెట్టుకోవలసినదే. మీకు అలా కాదు. 'నా జీవాధార' అన్న మాట మీకు తల్లి ఉగ్గుపాలతో పోసిన భాషలో వచ్చింది. ఆ కీర్తన చరణంలో త్యాగరాజు తన దేవుణ్ణి నా చూపుకు వెలుగు, నా ముక్కుకు పరిమళం అంటూ పిలుచుకుంటాడు. రాముడన్న పేరు పాటలో ఎక్కడా రాదు. ప్రార్థనలో మీరు యేసయ్యను పిలిచే పిలుపులకూ ఈ పిలుపులకూ దూరం ఎంత? పేరు తట్టడానికి ముందే మాట మిమ్మల్ని తాకిందంటే వింతేముంది! దేవుణ్ణి చనువుగా పిలవడానికి తెలుగులో ఉన్న మాటలు కొన్నే. త్యాగరాజూ, చౌదరి గారూ ఆ కొన్ని మాటల్లోంచే ఏరుకున్నారు.

నా సంగతి ఒకటి చెబుతాను. చిన్నప్పుడు ట్రిప్లికేన్‌లో మా అమ్మమ్మ ఇంట్లో పెరిగాను. అక్కడ పార్థసారథి గుడి ఎంత దగ్గరో వాలాజా మసీదూ అంతే దగ్గర. అమ్మమ్మ నిష్ఠగల మనిషి, మడి కట్టుకునేది. కానీ సాయంత్రం దీపం పెట్టడానికి ఆమె గడియారం చూసేది కాదు. మసీదు నుంచి మగ్రిబ్ అజాన్ వినబడగానే లేచి వత్తి వెలిగించేది. ఈ రోజుకీ ఏ ఊళ్లో ఆ వేళ అజాన్ విన్నా నాకు నువ్వుల నూనె వాసన వస్తుంది, అమ్మమ్మ చెయ్యి కళ్ల ముందు కనబడుతుంది, గొంతులో ఏదో అడ్డుపడుతుంది. నేను ముస్లింను కాను. అజాన్‌ను ముస్లింలు సంగీతమనీ అనరు. కానీ నా ఒంటికి ఆ పిలుపుతో ఒక బంధం ఏర్పడిపోయింది, నన్ను అడిగి ఏర్పడలేదు. ఒక ధ్వనీ ఒక అనుభవమూ వందలసార్లు జంటగా వస్తే మనసు వాటికి ముడి వేసేస్తుంది. తర్వాత ఒకటి వస్తే రెండోది తనంతట తనే వస్తుంది.

సుమారు 900 ఏళ్ల కిందట ఇమామ్ గజాలీ సంగీతం గురించి రాస్తూ ఇలాంటి మాటే చెప్పారు. పాట గుండెలో లేనిదాన్ని కొత్తగా తెచ్చిపెట్టదు, ఉన్నదాన్నే కదిలిస్తుందని. మతనిష్ఠకు పేరుపడ్డ ఇస్లాం పండితుడు ఆయన.

అన్నీ నేర్చుకున్నవేనా, పుట్టుకతో వచ్చేవి ఏమీ లేవా అంటే, ఉన్నాయి. 1999లో ప్రచురించిన ఒక పరిశోధనలో, హిందుస్తానీ సంగీతంతో పరిచయం లేని కెనడా శ్రోతలకు రాగాలు వినిపిస్తే ఏది ఉల్లాసంగా ఉందో, ఏది దుఃఖంగా ఉందో, ఏది కోపంగా ఉందో గుర్తుపట్టారు. నడక నెమ్మదిగా ఉందా వేగంగా ఉందా, స్వరాల అల్లిక తేలికగా ఉందా చిక్కగా ఉందా అన్నది ఎవరి చెవికైనా కొంత చెబుతుంది. కానీ దుఃఖంగా ఉందని గుర్తుపట్టడం వేరు, కన్నీళ్లు పెట్టుకోవడం వేరు. కన్నీళ్లకు స్వంత కథ కావాలి.

ఇక్కడ మీ అమ్మగారి దగ్గరికి వస్తాను. ఆమె గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు గానీ నాకు ఆమె మీద చాలా గౌరవం కలిగింది. ఆమె మాట మొరటుగా వినబడి ఉండవచ్చు. అందులో దైవశాస్త్రం లేదు, గమనించారా? 'అది విగ్రహారాధన' అనలేదు ఆమె. 'మా అమ్మను గుడి వీధిలో నడవనివ్వని వాళ్ల పాట' అంది. మద్రాసు రాష్ట్రంలో ఆలయ ప్రవేశ చట్టం వచ్చింది 1947లో. మీ అమ్మమ్మ అప్పటికి చిన్నపిల్ల అయినా అయ్యుండాలి, పెద్దదైనా అయ్యుండాలి. ఆ గుడిలోంచి వచ్చే నాదస్వరం ఆమె చెవిన పడకుండా ఎవరూ ఆపి ఉండరు. వీధిలోకి మాత్రం రానివ్వలేదు. పాట వినబడుతుంది, మనిషికి చోటు లేదు. అలాంటి పాట విన్నప్పుడు ఒళ్లు ఎలా ఉంటుంది? బిగుసుకుంటుంది. ఆ బిగువు తల్లి నుంచి కూతురికి మాటల్లో కంటే ముఖంలో అందుతుంది. మీరు చిన్నప్పుడు ఆడి మాసంలో పెరంబూరు వీధుల్లో మైకుల నుంచి అమ్మవారి పాటలు హోరెత్తుతుంటే అమ్మ కిటికీ రెక్కలు మూసిన చప్పుడు మీకు గుర్తుండే ఉంటుంది.

సంఘంలో మాత్రం ఆమెకు చోటు దొరికింది. పాట పాడవచ్చు, గొంతెత్తి పాడవచ్చు, ఆమె భర్త హార్మోనియం ముందు కూర్చుని అందరి చేతా పాడించవచ్చు. ఆ కీర్తనలు ఆమెకు దేవుడి పాటలూ అయ్యాయి, తన మర్యాదా అయ్యాయి. మతం పేరుతో మనం పిలుచుకునే గుర్తింపులో దేవుడి వాటా ఎంతో, 'మనల్ని మనుషులుగా చూసింది ఎవరు' అన్న జ్ఞాపకం వాటా ఎంతో విడదీయడం కష్టం. అందుకే కూతురు మైలాపూరులో ఏడ్చిందంటే ఆమెకు అవమానంగా తోచింది. మీ జలదరింపు ఎంత నిజమో ఆమె బిగువూ అంత నిజం. రెండూ ఒంట్లో దాచుకున్న చరిత్రే.

ఈ బిగువు ఒక మతంవాళ్లకే ఉంటుందని కూడా అనుకోకండి. 2018 ఆగస్టులో ఇక్కడే, కర్ణాటక గాయకులు కొందరు క్రైస్తవ గీతాలు పాడుతున్నారని పెద్ద గొడవ జరిగింది. బెదిరింపులు వచ్చాయి, ఒక కచేరీ ఆగిపోయింది. 'మా పాటను ఎత్తుకుపోతున్నారు' అన్నది అటువాళ్ల బాధ. బెదిరించడం ఏ విధంగానూ ఒప్పు కాదు, అందులో నాకు సందేహం లేదు. కానీ ఆ గొడవలో వినిపించిన నొప్పికీ మీ అమ్మగారి నొప్పికీ ఒక పెద్ద తేడా ఉంది. ఒకరిది తమ సొత్తు పోతుందన్న భయం, ఇంకొకరిది తమను బయట నిలబెట్టారన్న గాయం. రెండింటినీ ఒకే తక్కెడలో పెట్టను.

ఇక ఆరాధనలో రాయిలా నిలబడటం సంగతి. దీని గురించి మీరు పడుతున్న బాధ నాకు ఎక్కువ దిగులు కలిగించింది, ఎందుకంటే ఇది ప్రతి ఆదివారం జరుగుతోంది.

2013లో స్వీడన్‌లో పరిశోధకులు కొందరు యువతీయువకుల చేత కలిసి పాడించి వాళ్ల గుండె లయను కొలిచారు. నిదానంగా, పంక్తి పంక్తికీ ఒకేచోట ఊపిరి పీల్చుకునే పాట పాడుతున్నప్పుడు అందరి గుండె వేగమూ కలిసి పెరిగి కలిసి తగ్గింది. అందరూ ఒకే చోట ఊపిరి తీసుకోవడమే దానికి కారణం. మీ నాన్నగారి కాలంలో సంఘమంతా అలా పాడేది కదా? ఒక పంక్తి ఆయన, ఒక పంక్తి సంఘం. మీరు ఆ ఊపిరితో పెరిగారు. ఇప్పుడు స్పీకర్ల హోరులో పక్కవాళ్ల ఊపిరి మీకు వినపడదు. కొత్త పాటలు తక్కువవని కాదు. వాటితో ఎదిగిన కుర్రాళ్లకు అవే ప్రాణం, వాళ్ల కన్నీళ్లు అబద్ధం కావు. మీ చెవి మాత్రం ఆ దారిలో పెరగలేదు. పైగా ఆ హార్మోనియం ఉండవలసిన చోట కీబోర్డు కనబడుతుంటే మీ మనసు పాటలోకి ఎలా పోతుంది? మీరు అక్కడ రాయిలా నిలబడటం లేదమ్మా, దుఃఖాన్ని అదిమిపట్టుకుని నిలబడుతున్నారు.

ఇంకొకటి, మీ సంఘం పెద్దలకు కూడా తెలిసిన పేరు చెబుతాను. పాత కాలపు క్రైస్తవ గురువు సెయింట్ అగస్టీన్ తన జీవిత కథనం సుమారు క్రీ.శ. 400 ప్రాంతంలో రాశారు. కొత్తగా విశ్వాసంలోకి వచ్చినప్పుడు మిలాన్ చర్చిలో పాటలు విని తాను ఏడ్చానని అందులో చెప్పుకున్నారు. తర్వాత అదే పుస్తకంలో ఇంకో చోట, పాటలోని సత్యం కన్నా పాడే తీరుకే తాను కరిగిపోయిన సందర్భాలు ఉన్నాయని, అది తన తప్పుగా ఒప్పుకుంటున్నానని రాశారు. అయినా చర్చిలో పాట వద్దనలేదు. చర్చిలో వచ్చిన కన్నీళ్లను కూడా ఆయన విశ్వాసానికి రుజువుగా తీసుకోలేదన్నది నాకు ముఖ్యం. ఆ కన్నీళ్లు రుజువు కానప్పుడు, రాకపోవడం నేరానికి రుజువు ఎలా అవుతుంది? ప్రభువు విషయంలో మీరు ఎక్కడున్నారో తెలుసుకోవాలంటే కచేరీ నాటి జలదరింపును అడగకండి. కష్టం వచ్చినప్పుడు ఎవరి పేరు నోటికొస్తుందో, రాత్రి పాపకు దుప్పటి కప్పాక ఎవరికి అప్పగించి పడుకుంటారో చూసుకోండి.

ఇప్పుడు పాప అడిగిన ప్రశ్న. దానికి జవాబు మీ విశ్వాసంలోంచే రావాలి, నాలోంచి కాదు. నేను పాస్టరును కాను, మీ మతం దాన్నీ కాను. కానీ ఒక సంగతి చెప్పగలను: 9 ఏళ్ల పిల్ల 'యేసయ్యకు కోపం వస్తుందా' అని అడిగిందంటే ఇంట్లో పెద్దల గొడవ ఆమె గొంతులోకి దిగిందన్నమాట. దాన్ని అక్కణ్ణుంచి తీసెయ్యడం మొదటి పని. మీ మనస్సాక్షికి సరిపోతే ఇలా చెప్పవచ్చు: 'త్యాగరాజు గారు తన దేవుణ్ణి ఎంత ప్రేమగా పిలిచారో చెప్పే పాట ఇది. ఆయన పాటను మనం మర్యాదగా, తప్పులు లేకుండా పాడదాం. మన ప్రార్థన మనం యేసయ్యకు చేసుకుంటాం.' ఇందులో అబద్ధం లేదు. పాటను పాటగాడికి ఇస్తున్నారు, ప్రార్థనను మీ దేవుడికి ఇస్తున్నారు.

ఇది మీ మనస్సాక్షికి సరిపోకపోతే పాడించవద్దు. అది కూడా గౌరవంగానే చెయ్యవచ్చు. టీచరు గారితో దాచకుండా మాట్లాడండి. పోటీ ఒకటి మానేస్తే పాప సంగీతం ఎక్కడికీ పోదు. వర్ణాలున్నాయి, తిల్లానాలున్నాయి. మాయూరం వేదనాయకం పిళ్ళై గారు క్రైస్తవులు, 1826లో పుట్టి మున్సిఫుగా పనిచేసిన మనిషి. ఆయన తమిళ కీర్తనలు కచేరీల్లో పాడుతూనే ఉన్నారు. మీ పాపకు తమిళం ఎలాగూ నోట్లో ఆడేదే.

మీ అమ్మగారితో వాదానికి దిగకండి. అయితే ఆమెకు చెప్పదగ్గ ఒక కథ ఉంది. త్యాగరాజ కీర్తనలకు స్వరలిపి రాసి అచ్చువేసే పని మద్రాసులో నెత్తిన వేసుకున్న తొలివాళ్లలో ఒకరు చిన్నస్వామి మొదలియారు గారు. 1893లో ఆ కీర్తనలను పాశ్చాత్య స్వరలిపిలోకి ఎక్కించి ప్రచురించారు. ఆయన క్రైస్తవుడు. రాముడి పాటలని తెలిసే ఆ పని చేశారు, క్రైస్తవుడిగానే ఉన్నారు. మన ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా గారు శ్రీరంగంలో స్థిరపడి రంగనాథుడి సన్నిధిలో నాదస్వరం వాయించారు, 1998లో మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది, ముస్లింగానే జీవించారు. ఇవి ఆమెను ఓడించడానికి వాడే ఉదాహరణలు కావు. 'వాళ్లను లోపలికి రానిచ్చారు, మా అమ్మను రానివ్వలేదు' అని ఆమె అంటే మీ దగ్గర జవాబు ఉండదు, ఉండనక్కర్లేదు. వినండి. అమ్మమ్మ గురించి ఇంకా ఏం గుర్తుందో అడగండి. బహుశా ఆ కథ పూర్తిగా చెప్పే అవకాశం ఆమెకు ఇంతవరకు ఎవరూ ఇవ్వలేదు.

ఆమె బైబిలు చదివే మనిషి కాబట్టి, కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రిక 8వ అధ్యాయం ఇద్దరూ కలిసి చదవండి. విగ్రహాలకు అర్పించిన ఆహారం తినవచ్చా అన్న ప్రశ్న అది. విగ్రహం వట్టిదని తెలిసినవాడికి తిన్నా నష్టం లేదంటాడు పౌలు. వెంటనే, ఆ తెలివి అందరికీ ఉండదని, నా తిండి నా సహోదరుడి మనస్సాక్షిని గాయపరిస్తే ఇక మాంసమే ముట్టనని కూడా అంటాడు. అందులో మీకూ ఒక మాట ఉంది, మీ అమ్మగారికీ ఒక మాట ఉంది. ఏది ఎంత బరువో మీ ఇద్దరూ కూర్చుని తేల్చుకోవలసిందే, కావాలంటే మీ పాస్టరు గారినీ కూర్చోబెట్టుకోండి. ఆమె పోటీకి రాకపోతే రానివ్వండి. రాలేదని పాప ముందు మాత్రం అనకండి.

ఇన్ని చేసినా రాత్రిళ్లు నిద్ర పట్టకపోతే, పాపభయం రోజంతా వెంటాడుతుంటే, దగ్గర్లో ఎవరైనా మానసిక వైద్యుల్ని కలవండి. నాన్నగారు పోయినప్పుడు పడవలసిన దుఃఖం ఇంకా పడలేదేమోనని నా అనుమానం. దానికి మనిషి తోడు కావాలి, ఉత్తరాలు చాలవు.

చివరగా ఒక చిన్న పని. పోటీ సంగతి తేలినా తేలకపోయినా ఈ ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక నాన్నగారి పాటల పుస్తకం బయటికి తీయండి. మీ అమ్మగారిని, పాపను ఎదురెదురుగా కూర్చోబెట్టండి. పాటల నెత్తిన బిలహరి అని ఎక్కడుందో పాపను వెతకమనండి. దొరికితే స్వరాలు పాప పట్టుకుంటుంది, మాటలు మీ అమ్మగారికి పుస్తకం చూడకుండానే వచ్చి ఉంటాయి. హార్మోనియం ఇన్నేళ్లు మూసే ఉంది కాబట్టి ముందే ఒకసారి రిపేరువాళ్లకు చూపించండి. రీడ్లకు దుమ్ము పట్టి కొన్ని మెట్లు పలకకపోవచ్చు, తిత్తి కూడా గాలి వదిలేస్తుండవచ్చు. పాప శ్రుతి ఎంతో టీచరు గారిని అడిగి తెలుసుకోండి, నాన్నగారు వాయించిన మెట్టు పాపకు అందకపోవచ్చు.